తరుగు తీయని తూకం

పోయిన ఆదివారం పొద్దున పక్కింటి అత్త ప్రహరీగోడ మీద రెండు వస్తువులు పెట్టి నన్ను పిలిచింది. ఒకటి బరువు చూసుకునే మిషను, నలుచదరంగా అద్దపు పలకలా ఉంటుంది. రెండోది మూలలు నలిగిన నోటు పుస్తకం. దానికి దారంతో ఒక పెన్ను కట్టి ఉంది.

"మీ మామవి. ఇంట్ల ఉండి నాకేం పనికొస్తయి? నువ్వే ఉంచుకో సారూ," అంది.

మామ పోయి రెండు నెలలైంది. మిషను తీసుకున్నాను కానీ పుస్తకం ముట్టుకోవడానికి జంకాను. అందులో మొదటి మూడు పేజీలు నా చేతిరాతే. ధరూర్ మండలంలో పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతికే నేను, ఆ మూడు పేజీల్లో ఒక్క అంకె కూడా ఉన్నది ఉన్నట్టు రాయలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. సిగ్గంతా మామ ఉన్నప్పుడే పడ్డాను.

మామ అంటే చుట్టరికం కాదు. గద్వాలలో మేం అద్దెకుండే ఇంటి పక్కిల్లు వాళ్లది. మార్కెట్ యార్డులో రైతులు తెచ్చిన పల్లికాయ సంచులను కాంటా మీద పెట్టించి తూకం చెప్పే మనిషిని మా దిక్కున దడ్వాయి అంటారు. మామ ముప్పై ఏళ్లు ఆ పని చేశాడు. సంచి కాంటా మీద పడగానే రెండడుగులు వెనక్కి జరిగి, రెండు అరచేతులూ ఎత్తి ఒకసారి రైతుకూ ఒకసారి కొనేవాడికీ చూపించేవాడు. నా చెయ్యి కాంటా మీద లేదు, కాలూ లేదు, చూసుకోండి అని దానర్థం. ఆ అలవాటు ఆయనతో పాటు ఇంటికి కూడా వచ్చేసింది. మా ఇంట్లో కుర్చీలో కూర్చోగానే చేతులెత్తేవాడు. పెళ్లిలో కట్నం కవరు చదివించి చేతులెత్తేవాడు. మా చిన్నది ఆయన్ను చూసి, అన్నం తినడం అయిపోగానే ఎంగిలి చేతులు రెండూ పైకెత్తడం మొదలుపెట్టింది.

ఇంకో మాట కూడా ఉండేది. ఎవరు ఏ విషయంలో తొందరపడ్డా, "ముల్లు ఆగనీ," అనేవాడు. కాంటా ముల్లు అటూ ఇటూ ఊగుతుండగా ఎంతైందో చెప్పకూడదు గదా. నాకు బదిలీ అవుతుందట మామా, అని నేను మొహం వేలాడేసుకుని చెప్తే, "ముల్లు ఆగనీ సారూ." వాన వచ్చేట్టుంది బట్టలు తియ్యి అని అత్త అరిస్తే, "ముల్లు ఆగనీయే." బట్టలు తడిసేవి.

యార్డులో తరుగు అని ఒకటుంటుంది. సంచి బరువనీ, మట్టి అనీ, కాయలో తేమ అనీ కొంత తీసేసి మిగిలింది రాస్తారు. కొనేవాడికి ఎప్పుడూ ఎక్కువ తరుగు కావాలి. మామ వినేవాడు కాదు. గుప్పెడు కాయలు తీసుకుని చెవి దగ్గర గలగలలాడించి, ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి, "ఎండినయి. తేమ లేదు. సంచి తరుగు ఒక్కటే," అని తేల్చేవాడు. అయిజ నుంచీ ఇటిక్యాల నుంచీ వచ్చే రైతులు ఆయన కాంటా ఎక్కడుందో అడిగి మరీ అక్కడ వరుసలో నిలబడేవారని చెప్తారు. ఈ మాట ఆయన ముందు అంటే మాత్రం ఎక్కడలేని కోపం వచ్చేది. "నేనేం ఎక్కువిచ్చిన్నా? ఎంతుంటె గంత జెప్పిన," అని కసురుకునేవాడు.

కాంటా లేకపోయినా కళ్లతోనే తూచేవాడు. ఒకసారి మా తోటి టీచరు కొడుకు పెళ్లికి ఇద్దరం కలిసి వనపర్తి వెళ్లాం. అక్షింతలు వేసే వరుసలో నిలబడి నా చెవిలో మొదలుపెట్టాడు.

"పిలగాడు అరవై. కోటు ఇడిస్తె యాభై ఎనిమిది."

"పిల్ల?"

"ఆడపిల్లను తూస్తరా సారూ? పాపం తగుల్తది." అని, కిందినుంచి మీదికి నన్నొకసారి చూశాడు. "నువ్వు తొంభై."

"ఎనభై రెండు," అన్నాను.

"ఏ కాంటా జెప్పింది?"

ఏ కాంటా చెప్పలేదు. టీచర్లందరికీ ఆరోగ్య పరీక్షలు పెట్టినప్పుడు, వరుస పొడుగ్గా ఉందని నర్సమ్మాయి నోటితోనే బరువు అడిగి రాసుకుంది. నేను ఎనభై రెండు అన్నాను. అది నా బరువు కాదని అనలేను. ఏడేళ్ల కింద నాదే. అప్పటినుంచి ఎవరడిగినా అదే చెప్తూ వచ్చాను. ప్యాంట్లు మాత్రం రెండుసార్లు మార్చాను. భోజనాల దగ్గర మామ నా విస్తట్లోంచి బూందీ లడ్డు తీసి తన విస్తట్లో పెట్టుకున్నాడు.

తర్వాత రెండు మూడు నెలలకు మామ చెప్పుల దుకాణంవాడితో పెద్ద తగాదా పెట్టుకున్నాడు. కొత్త చెప్పులు ఒక్క వానకే కుంచించుకుపోయాయని ఆయన వాదన. రబ్బరు చెప్పులు కుంచించుకుపోవడం ఎక్కడైనా ఉందా అని వాడి వాదన. చివరికి అత్త ఆయన పాదం మీద వేలితో నొక్కి చూసింది. వేలు పడ్డచోట గుంట పడి, ఎంతసేపటికీ లేవలేదు. చెప్పులు బాగానే ఉన్నాయి, పాదాలే ఉబ్బాయి.

దవాఖానలో డాక్టరమ్మ నాగర్‌కర్నూల్ పిల్ల, చిన్న వయసు. పరీక్షలన్నీ చూసి ఓపిగ్గా చెప్పింది. గుండెకు బలం తగ్గింది, ఒంట్లో నీళ్లు చేరుతున్నాయి. మాత్రలు మానొద్దు, ఉప్పు తగ్గించు, రోజూ పొద్దున బరువు చూసుకుని పుస్తకంలో రాయి.

"రెండు మూడు దినాలల్ల రెండు కిలోలు పెరిగిందనుకో తాతా, ఆయాసం ఉన్నా లేకున్నా నా దగ్గరికి రావాలె. బరువు ముందుగాల చెప్తది, ఆయాసం వెనక చెప్తది. ఆయాసం వచ్చేదాంక ఆగితే ప్రాణం మీదికొస్తది."

మామ నవ్వాడు. "తూకం సంగతి నాకు జెప్తున్నవా బిడ్డా?"

ఆ సాయంత్రమే మిషను కొన్నాం. దానికి ముల్లు లేదు, ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ముల్లు లేని కాంటాను ఎట్లా నమ్మేదని మామ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మర్నాడు యార్డు నుంచి ఇరవై కిలోల ఇనుప గుండును ఆటోలో తెప్పించాడు. డ్రైవరు అది దించేసరికి సగం వీధి గుమిగూడింది. గుండు పెట్టి అందరికీ చేతులు చూపించాడు. ఇరవై కిలోల నూరు గ్రాములు వచ్చింది. "నూరు గ్రాములు నన్ను జూసి భయపడ్డది. పర్వాలేదు, నిజాయితీ కాంటానే," అని ఒప్పుకున్నాడు.

చిక్కొక్కటే. మామ నిటారుగా నిలబడితే మధ్యలో పొట్ట అడ్డమొచ్చి అంకెలు కనిపించవు, వంగి చూస్తే అంకె మారిపోతుంది. అందుకని పొద్దున ఆరింటికి నేను గోడ దూకి వెళ్లి అంకె చదివి రాసేట్టు ఒప్పందం. గోడ దూకడం అంటున్నాను కానీ, నిజానికి నేను గేటు నుంచే వెళ్లేవాణ్ని. ఆ బరువుతో గోడ ఏం దూకుతాను!

మొదటి రోజు వరుస సంఖ్య ఒకటి అని వేయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఒకటి అంటరా సారూ? లాభం అని రాయి." కొలతల్లో మొదటిదాన్ని లాభం అనే అంటారు, నిజమే. బరువు పెరగకూడదని పెట్టిన పుస్తకం లాభంతో మొదలైంది.

"ఎంతొచ్చింది?"

"డెబ్బై నాలుగు కిలోల ఆరు వందలు."

"డెబ్బై రెండు రాయి."

"అదేంది మామా?"

ఆయన నావైపు జాలిగా చూసి వేళ్లు మడిచాడు. "లుంగీ, బనీను, మొలతాడు ఉన్నయి గద, అది సంచి తరుగు. ఇప్పుడే చాయ్ తాగిన, అది నా బరువైతదా? రాత్రి తిన్న రొట్టె ఇంక కడుపులనే ఉన్నది, అది మట్టి తరుగు. ఇగ డాక్టరమ్మనే జెప్పె ఒంట్ల నీళ్లున్నయని. అది తేమ. అన్ని తీస్తె అసలు మనిషి డెబ్బై రెండు."

చెప్తే నమ్మరు, ఆ మాటలు ఎంత సబబుగా వినిపించాయో! డెబ్బై రెండు అని రాశాను. మర్నాడు డెబ్బై నాలుగు వస్తే తరుగు రెండు. ఇంకోరోజు డెబ్బై ఐదు వస్తే తరుగు మూడు. "ఇయ్యాల తేమెక్కువున్నది, మబ్బు వట్టింది," అని ఆకాశం చూపించేవాడు. ఎంతొచ్చినా పుస్తకంలోకి మాత్రం డెబ్బై రెండే వెళ్లేది. నాకది తప్పని తెలియదా? తెలుసు. కానీ ఎనభై రెండు మోస్తూ తిరిగేవాణ్ని, ఇంకొకడి డెబ్బై రెండును ఏ మొహంతో అడుగుతాను?

అట్లా రెండున్నర నెలలు గడిచాయి. అయిజలో ఉండే మామ కూతురు, తన కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయిస్తూ అందరినీ పిలిచింది. మామ అక్కడ రెండు పూటలు వేటకూర తిని, కారంలో కారం, ఉప్పులో ఉప్పు అన్నీ సరిగ్గా పడ్డాయని మెచ్చుకుని వచ్చాడు. మర్నాడు డెబ్బై ఐదున్నర. ఆ తర్వాత డెబ్బై ఆరు దాటింది. మూడో రోజు దాదాపు డెబ్బై ఏడు.

"మామా, రెండు కిలోలు పెరిగితే రమ్మన్నది గద?"

"నేను పెరిగితె రమ్మన్నది. పెరిగింది నేనా? వేటకూర, తేమ. రాయి."

రాశాను. ఆ ఒక్క రోజు రాయకుండా పెన్ను పక్కన పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నాలుగో రోజు పొద్దున అత్త కేకకు పరుగెత్తాను. మామ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని గాలి కోసం నోరు తెరుస్తున్నాడు. రాత్రంతా పడుకోలేకపోయాడట. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. సూదులు వేసి, ఆక్సిజన్ పెట్టి, కొంచెం తేరుకున్నాక డాక్టరమ్మ పుస్తకం అడిగింది. నేను పరీక్షలో దొరికిపోయిన పిల్లాడిలా చేతికిచ్చాను.

మూడు పేజీలు తిప్పింది. "అన్ని డెబ్బై రెండే ఉన్నయేంది? మిషను చెడిపోయిందా?"

మాస్కు కింది నుంచి మామ గొంతు. "ఇరవై కిలోల గుండు వెట్టి చూసినం."

"మల్ల ఇప్పుడు ఇక్కడ డెబ్బై ఏడున్నర వచ్చింది గదా తాతా?"

అప్పుడు మామ మాస్కు పక్కకు జరిపి, మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ, వేళ్లు మడుస్తూ మొత్తం చెప్పాడు. సంచి తరుగు. మట్టి తరుగు. తేమ తరుగు. ఆయాసపడుతూ కూడా ఎంత గర్వంగా చెప్పాడని! ఒక్క రోజు కూడా లెక్క తప్పలేదన్నాడు. పక్క మంచం మీది ముసలాయన అదంతా విని, సరైన పద్ధతే అన్నట్టు తలూపాడు.

డాక్టరమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"తాతా, నీ ఒంట్ల తేమ ఎంత చేరిందో తెల్వాలనే నేను తూకం వెయ్యమన్న. నువ్వు ఆ తేమనే తీసేసి, మిగిలింది నాకు రాసుకొచ్చినవ్."

మామ తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"గట్లైతె ఇది దొంగ తూకం," అన్నాడు చివరికి. "ముప్పై ఏండ్లల్ల ఏ రైతుకు జెయ్యలే. నాకు నేనే జేసుకున్న." నా వైపు తిరిగాడు. "నువ్వు సదువుకున్నోడివి గద సారూ. నువ్వెందుకు రాసినవ్?"

ఎనభై రెండు సంగతి అక్కడే, డాక్టరమ్మ ముందే చెప్పేశాను. మామ నవ్వబోయి దగ్గులో పడ్డాడు. డాక్టరమ్మ నన్ను బయటికి పొమ్మంది. వెళ్తుంటే వెనక నుంచి మామ గొంతు వినపడింది. "తొంభై అని జెప్తి గద!"

ఐదు రోజులకు ఇంటికొచ్చాడు. యార్డులో తూకం తప్పితే సంచులన్నీ కిందికి దించి, నలుగురి ముందూ మళ్లీ కాంటా పెడతారు. మామ వాకిట్లో మిషను పెట్టించి, అత్తనూ నన్నూ ఆ ఆటో డ్రైవర్నీ పిలిచాడు. మూడు పేజీల మీదా అడ్డంగా గీతలు కొట్టి, "తప్పు తూకం" అని రాసి, కింద సంతకం పెట్టాడు. నా చేత కూడా పెట్టించాడు. కొత్త పేజీలో మళ్లీ లాభంతో మొదలు.

ఇక అప్పటినుంచి మాకు విశ్రాంతి లేదు. పొద్దున ఆరింటికి, దొడ్డికి పోయొచ్చాక, చాయ్‌కి ముందు, అదే లుంగీతో. ఆ లుంగీ బరువెంతో మా మిషనుకు అందలేదని దాన్ని కిరాణా కొట్టుకు తీసుకెళ్లి తూయించుకొచ్చాడు. మూడు వందల గ్రాములు. అదన్నా తీసేద్దామా అంటే, "వద్దు. లుంగీ రోజూ గదే. ఉండనీ," అన్నాడు. అంకెలు కనిపించడానికి మిషను ముందు గోడకు ఏటవాలుగా అద్దం పెట్టించాడు. ఇక నేను చదవాల్సిన పని లేదు. అయినా రమ్మన్నాడు.

"ఎక్కు సారూ."

"నేనెందుకు మామా?"

"తప్పు తూకం రాసిన చెయ్యిది. ఎక్కు."

ఫోను తీసి పక్కన పెట్టాను. తాళాలు తీశాను. బెల్టు తీశాను. ఎక్కి, గోడ మీద చూపుడు వేలు ఆనించాను, ఊరికే, పడకుండా.

"చేతులు."

రెండు చేతులూ ఎత్తాను. అంకె ఆగింది. తొంభై ఒక కిలో నాలుగు వందలు. నాకు చెమటలు పట్టాయి. మామ మొహం కూడా పడిపోయింది. "కిలో తక్కువ జెప్పిన ఆ దినం. చూపు మందగించింది," అన్నాడు దిగులుగా. పుస్తకంలో నాకు ఇంకో వరుస గీసి తనే రాశాడు.

రెండేళ్లు అట్లా రాసుకున్నాం. ఉప్పు తగ్గిన కూర తింటూ ఆయన అత్తను తిట్టేవాడు. నేను రాత్రి మూడో రొట్టె మానేసి ఎవర్ని తిట్టాలో తెలియక ఊరుకునేవాణ్ని. సాయంత్రాలు కోట గోడ పక్కన మెల్లగా నడిచేవాళ్లం, ఆయన కూర్చున్నప్పుడల్లా నేనూ కూర్చునేవాణ్ని. సోమవారం సోమవారం నా బరువు పెరిగేది, ఆదివారం ఏం తిన్నానో ఆయనకు వాసన తెలిసేది. కానీ పెరిగినందుకు ఒక్కనాడూ చిన్నబుచ్చలేదు. "కాంటా తిడ్తదా సారూ? ఎంతున్నవో జెప్తది, గంతే. ముందు రాయి, తర్వాత ఏం జేద్దామో చూద్దం," అనేవాడు. ఆ మాట నాకు ఏ డాక్టరు చెప్పిన మాటకంటే ఎక్కువ పనికొచ్చింది. ఎనభై నాలుగున్నరకు దిగాను.

ఆయనకు రెండుసార్లు బరువు ఎగబాకింది. రెండుసార్లూ ఆయాసం లేదు, నడుస్తూనే ఉన్నాడు. అయినా పుస్తకం చంకలో పెట్టుకుని తనే ఆటో పిలుచుకుని వెళ్లాడు. డాక్టరమ్మ మాత్రలు మార్చింది, మర్నాడే తిరిగొచ్చాడు. డాక్టరమ్మ తన పుస్తకాన్ని మిగతా పేషెంట్లకు చూపిస్తుందట అని వీధంతా చెప్పుకున్నాడు. మొదటి మూడు పేజీలు కూడా చూపిస్తుందా అని అడిగితే, "గవే ముందుగాల చూపిస్తది," అన్నాడు. దాంట్లో కూడా గర్వమే.

ఈ వానాకాలంలో జ్వరం వచ్చి ఛాతీకి పట్టింది. ఆ పొద్దున కూడా కాంటా ఎక్కే దవాఖానకు వెళ్లాడు. ఈసారి తిరిగి రాలేదు.

ఆదివారం అత్త లోపలికి వెళ్లాక ఆ చివరి పేజీ చూశాను. అంకెలు వణికాయి, కానీ చదవగలిగేట్టే ఉన్నాయి. కిలోన్నర పెరిగింది. ఉన్నది ఉన్నట్టు రాసి ఉంది. పక్కన నా వరుసలో ఆ రోజు గడి ఖాళీగా ఉంది. తర్వాత రెండు నెలలూ ఖాళీయే. నేను మళ్లీ కాంటా ఎక్కలేదు. ఎక్కమనేవాడు లేడని మొదట ఏడ్చాను, తర్వాత ఆ సాకుతో హాయిగా తిన్నాను.

మిషనును మా వాకిట్లో నేల మీద పెట్టి ఎక్కాను. గోడ అవతల అత్త మళ్లీ వచ్చి వాకిలి ఊడుస్తున్న చప్పుడు.

"ఎంతొచ్చింది సారూ?" అంది, తలెత్తకుండానే.

"ఎనభై ఐదు," అన్నాను. నోట్లోంచి అదే వచ్చేసింది.

చీపురు ఆగింది. ఇన్నేళ్లలో ఆమె మా తూకాల్లో ఎప్పుడూ వేలు పెట్టలేదు. గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

"చేతులు చూపియ్."

రెండు చేతులూ ఎత్తి గోడ మీది నుంచి చూపించాను. ఆమె వాటివైపు చాలాసేపు చూసింది. అరచేతుల్లో ఏమీ లేదు కానీ ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి.

"ఎనభై ఏడు కిలోల తొమ్మిది వందలు, అత్తా."

"రాయి," అంది కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "రాసినంకనే చాయ్."